కండక్టర్ లేని బండి

నేను పార్శిళ్ళు తీసుకోను. కోరుట్ల బస్టాండులో ఈ మాట పందొమ్మిదేళ్ళుగా అంటూనే ఉన్నాను, పందొమ్మిదేళ్ళుగా తీసుకుంటూనే ఉన్నాను. కూతురికి పచ్చడి డబ్బా, తమ్ముడికి మందులు, ఎవరో మరిచిపోయిన ఫోను చార్జరు, ఒకసారైతే కాళ్ళు కట్టేసిన రెండు నాటుకోళ్ళు. కార్గో కౌంటరు ఉంది కదా, అక్కడ ఇవ్వండి అంటాను. "కౌంటరు ఇంక తెర్వలేదు ప్రేమలతక్కా" అంటారు. పొద్దున అయిదున్నర బండి వేళకు ఏ కౌంటరు తెరిచి ఉంటుంది? ఆ సంగతి వాళ్ళకూ తెలుసు, నాకూ తెలుసు. కాసేపు తిడతాను, తర్వాత తీసుకుంటాను. తీసుకున్న ప్రతి దాని మీదా బాల్‌పెన్నుతో మూడు సంగతులు రాస్తాను. ఎవరికి, ఎక్కడ దిగాలి, నా ఫోన్ నంబరు. మనుషులకు టికెట్ ఎట్లాగో సామానుకు ఆ రాత అట్లాగ. అది లేకుండా నా బండిలో ఏదీ కదలదు.

మాది కోరుట్ల నుంచి వేములవాడ, సిరిసిల్ల, సిద్దిపేట మీదుగా సికింద్రాబాద్ జేబీఎస్ బస్టాండుకు పోయే ఎక్స్‌ప్రెస్. నేను కండక్టర్‌ని, శ్రీశైలం డ్రైవరు. ఆ బుధవారం బండి బస్టాండు గేటు దాటుతుంటే లచ్చవ్వ అడ్డం వచ్చింది. చెప్పులు కూడా లేవు. చేతిలో ఒక పాత నీలం ఫైలు, దానికి తాడు చుట్టి ఉంది.

"జర ఆగు ప్రేమలతా" అంది, రొప్పుతూ. "నవ్యకియ్యాలె. దాని నర్సు రిజిస్ట్రేషన్ కాగితం, అసలుది. ఇయ్యాల పట్నంల సర్టిఫికెట్లు సూస్తరట. గిదొక్కటి ఇంట్లనే ఇడిసిపోయింది. రాత్రంత ఎతికినం."

"ఏడ దొరికింది?"

"ఆకు సంచి అడుగున. నేనే భద్రంగ పెట్టిన, నేనే మర్సిన."

ఈ లచ్చవ్వా నేనూ ఒకే అరుగు మీద చాటలు ముందర పెట్టుకుని బీడీలు చుట్టినవాళ్ళం. నాకు ఇరవై మూడేళ్ళప్పుడు ఈ ఉద్యోగం వచ్చింది, ఆ అరుగు మీది నుంచి లేచాను. ఆమె ఇంకా అక్కడే కూర్చుని ఉంది. ఆ బీడీల మీదనే పిల్లను నర్సింగ్ చదివించింది. సర్కారు ఆసుపత్రి పోస్టుకు నవ్య రాసిన పరీక్షలో పేరు వచ్చిందని పోయిన నెల బస్టాండంతా లడ్డూలు పంచింది. నేను రెండు తిన్నాను.

ఫైలు అందుకున్నాను. తునికాకు వాసన గుప్పున కొట్టింది. నాకు ఆ వాసనంటే కోపం. పందొమ్మిదేళ్ళయినా నా గోళ్ళ కింద నుంచి పోలేదేమోనని అప్పుడప్పుడూ వేళ్ళు వాసన చూసుకుంటాను.

"జేబీఎస్‌కు నవ్యనే అస్తది" అంది లచ్చవ్వ. "దాని చేతికే ఇయ్యి. ఇంకెవ్వలకియ్యకు."

"పందొమ్మిదేండ్ల సంది ఒక్క పార్శిలన్న పోగొట్టిన్నా?" అన్నాను. నిజంగానే ఒక్కటీ పోగొట్టలేదు. కోళ్ళు కూడా ప్రాణాలతోనే దిగాయి. ఫైలు మీద 'నవ్య, జేబీఎస్' అని రాసి, కింద నా నంబరు వేసి, శ్రీశైలం పక్కన ఇంజను బానెట్ మీద పెట్టాను.

సిరిసిల్లలో జనం విరగబడి ఎక్కారు. అందరినీ లోపలికి తోసి, ఫుట్‌బోర్డు మీది వాళ్ళను తిట్టి, ఇంకెవరైనా పరుగెత్తుకొస్తున్నారేమోనని వెనక్కి ఒకసారి చూసి, అప్పుడు బండిని చేత్తో రెండు దెబ్బలు కొట్టి రైట్ అన్నాను. నా పద్ధతి అది. అందరూ ఎక్కిన తర్వాత నేను ఎక్కుతాను, నేను ఎక్కిన తర్వాత బండి కదులుతుంది. కండక్టరు ముందెక్కి కూర్చుంటే వెనక మిగిలిన ముసలమ్మను ఎవరు చూస్తారు? నాన్న తాటిచెట్టు దిగేటప్పుడు కూడా కల్లు కుండ ముందు నేలకు చేరాలి, తర్వాతే ఆయన పాదం. పని చేసేవాడు ఆఖరున అనేది మా ఇంట్లో అడిగి నేర్చుకున్న సంగతి కాదు.

శామీర్‌పేట దాటాక నవ్య ఫోను చేసింది. అప్పటికే ఇరవై నిమిషాలు ఆలస్యంగా ఉన్నాం.

"అక్కా, నా టోకెను ముంగట్నే అచ్చింది" అంది. "మధ్యాన్నం పిలుస్తరనుకున్న. ఇప్పుడు లోపట కూసోవెట్టిండ్రు. బయటికి పోతె మళ్ళ రానిస్తలేరు. పన్నెండుకు మా ఫైళ్ళు బంద్ చేస్తరట. అసలు కాగితం లేకుంటె పేరు కొట్టేస్తమన్నరు."

"ఏడున్నవ్?"

"లక్డీకాపుల్. మెట్రో దిగంగనే, నడిస్తె అయిదు నిమిషాలు."

"ఆడనే కూసో. నేనే తెస్త."

"మీకు డ్యూటీ ఉంటది గదక్కా?"

"నా డ్యూటీ నాకు తెలుసు. ఫికర్ చెయ్యకు."

ఫోను పెట్టేశాక శ్రీశైలం అద్దంలో నుంచి నన్ను చూశాడు. మంచివాడే. కానీ ప్రతిదానికీ ఒక అనుమానం ఉంటుంది.

"ఒంటి గంటకు రిటర్న్ బండి" అన్నాడు.

"ఎరికే."

"ఆటోల పోతె పారడైజ్ కాడనే పన్నెండైతది."

"మెట్రోల పోత."

"ఎన్నడన్న ఎక్కినవా?"

"పందొమ్మిదేండ్ల సంది బండి నడుపుతున్న. మెట్రో ఒక లెక్కనా?"

"నడుపుతున్నది నేను" అన్నాడు.

"నువ్వు తొక్కుతున్నవ్ శ్రీశైలం. నడుపుతున్నది నేను."

జేబీఎస్‌లో దిగేసరికి పదకొండూ పది. ఫైలు మీద 'జేబీఎస్' కొట్టేసి 'లక్డీకాపుల్' అని రాశాను. చేరాల్సిన చోటు మారితే రాత మారాలి. టికెట్ల మిషను కంట్రోలర్ గదిలో అప్పజెప్పి, డబ్బుల తోలు సంచి మాత్రం భుజాన అట్లాగే ఉంచుకుని రోడ్డు దాటాను. తలపైన ఆ రైలు పోతుంటే ఎన్నేళ్ళుగానో చూస్తున్నాను. ఎక్కాలని ఎప్పుడూ అనిపించలేదు. కండక్టర్ లేని బండి అదేం బండి అనుకునేదాన్ని. ఎవరు ఎక్కారో, ఎవరు ఎక్కడ దిగాలో అడిగే దిక్కు లేని బండి.

కౌంటరులో ఉన్న అబ్బాయిని స్టాఫ్‌కు పాస్ నడుస్తుందా అని అడిగాను. నా యూనిఫాం వైపు చూసి నవ్వి, ఏ స్టాఫ్ మేడమ్ అన్నాడు. టికెట్ కొనుక్కున్నాను. పందొమ్మిదేళ్ళలో నేను టికెట్ కొనడం అదే మొదలు, కొంచెం మంట పుట్టింది. అది టికెట్‌లా కూడా లేదు. కాగితం మీద నల్ల చుక్కల గళ్ళు. తనిఖీ దగ్గర సంచి తీసి మిషనులో పెట్టమన్నారు. ఈ సంచి నా ఒంటి మీద నుంచి దిగేది డిపోలోనే అన్నాను. గార్డు పిల్ల కూడా మా వైపుదే అయి ఉండాలి, "పెట్టక్కా, అటు మొగన అదే అస్తది" అంది. పెట్టాను. అటు కొసకు నేనే పరుగెత్తి దాన్ని అందుకున్నాను.

రాయదుర్గం పోయే రైలు ఎక్కి అమీర్‌పేటలో దిగాలి, అక్కడ కిందికి దిగి ఎల్బీనగర్ పోయే రైలు ఎక్కాలి. ఒక్క మనిషిని అడిగితే చెప్పింది, ఇంకొకరిని అడిగి ఖాయం చేసుకున్నాను. నోరు మంచిదైతే ఊరు మంచిదైతది అంటారు. నా నోరు అంత మంచిదేం కాదు, అయినా ఊరు దారి చెప్పింది.

రైలు వచ్చింది. లోపల తలుపు దగ్గర జనం ముద్దగా ఉన్నారు, మధ్యలో నలుగురు పట్టేంత ఖాళీ. చెవుల్లో పుల్లలు పెట్టుకుని ఫోన్లు చూస్తున్నారు. ఎవరికీ పట్టలేదు. నేను ఊరుకుంటానా?

"లోపటికి జరుగుండ్రి. గా నీలం అంగి బాబు, జరుగు. మధ్యల జాగ ఉన్నది."

నీలం చొక్కా అబ్బాయి ఉలిక్కిపడి జరిగాడు. అతని వెనక ఇంకో ఆరుగురు జరిగారు. ఎవరూ ఎదురు మాట్లాడలేదు. ఒక గర్భిణికి సీటు ఇప్పించాను. పైనుంచి రికార్డు గొంతు 'తదుపరి స్టేషన్ రసూల్‌పుర' అంటుంటే నేను కూడా "రసూల్‌పుర, దిగేటోళ్ళు ముంగటికి రాండ్రి" అన్నాను. ఆ గొంతు చెబుతుంది కానీ ఎవరు వింటున్నారో చూడదు. బేగంపేట వచ్చేసరికి నాకు ఆ బండి అలవాటైపోయింది. చల్లగా ఉంది, గుంతలు లేవు, ఎదురు బండ్లు లేవు. ఇంత సుఖమైన రూటులో కండక్టరును పెట్టకపోవడం ఎవరి బుద్ధో అనుకున్నాను.

అమీర్‌పేటలో మెట్లు వాటంతటవే కిందికి పోతున్నాయి. వాటితో పాటు దిగి రెండో ప్లాట్‌ఫాం చేరేసరికి పదకొండూ ముప్పై ఆరు. రైలు రెండు నిమిషాల్లో అని బోర్డు చూపిస్తోంది. లెక్క సరిగ్గా సరిపోయింది.

అక్కడ కనబడ్డారు ఆ ముసలి జంట. పసుపు గీతకు చాలా దూరంగా, గోడకు ఆనుకుని నిలబడ్డారు. ఆయన తెల్ల చొక్కా జేబులో కళ్ళజోడు పెట్టె ఉంది. ఆమె పక్కన తాడు కట్టిన బరువైన మూట. వాళ్ళు నిలబడ్డ తీరు చూస్తేనే నాకు తెలిసిపోయింది. మా బస్టాండ్లలో అట్లా నిలబడేవాళ్ళు ఎవరైనా పిలిస్తేనే ఎక్కుతారు.

"ఏ ఊరు పెద్దమ్మా?" అన్నాను.

"వెల్గటూరు, బిడ్డ" అంది ఆమె, ఊపిరి పీల్చుకుని. "నా పేరు మల్లవ్వ. గీయన మా ఇంటాయన సామేలు. రెండు బండ్లు పోయినయి. ఎవ్వలు పిలుస్తలేరు, మనం ఎక్కేలోపట్నే తలుపు పడుతున్నది."

"ఎక్కడ దిగాలె?"

"నాంపల్లి. మా చెల్లెకు కండ్ల ఆపరేషన్ అయింది. వారం దినాలు వండిపెట్టను పోతున్నం."

"నేను ఎక్కిస్త. నా ఎంబడి రాండ్రి."

రైలు వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి. దిగేవాళ్ళు దిగారు. "ముంగట నువ్వు పెద్దాయినా, ఇగ నువ్వు పెద్దమ్మా" అని ఇద్దరినీ లోపలికి పంపాను. మూట రెండు చేతులతో ఎత్తితే తప్ప లేవదు. చేతిలో ఫైలు ఉంది. బస్సులో చేసినట్టే చేశాను. ఫైలును మూట తాడు కింద దోపి, మూట ఎత్తి లోపల వాళ్ళ కాళ్ళ దగ్గర పెట్టాను. మళ్ళీ ఒక అడుగు వెనక్కి వేసి, ఇంకెవరైనా ఉన్నారా అని ప్లాట్‌ఫాం ఆ కొస నుంచి ఈ కొస దాకా చూశాను. ఒక అబ్బాయి పరుగెత్తుకొచ్చాడు, వాడిని కూడా ఎక్కించాను. ఇక ఎవరూ లేరు. బండిని రెండు దెబ్బలు కొట్టి రైట్ అన్నాను.

తలుపులు పడ్డాయి. బండి కదిలింది.

నా సర్వీసులో నేను రైట్ అన్న మరు క్షణం కదిలిన బండి అదొక్కటే. శ్రీశైలం కూడా ఏనాడూ అంత తొందరగా తీయలేదు. కాకపోతే నేను బయట ఉన్నాను.

అద్దంలో నుంచి మల్లవ్వ నా వైపు చూస్తూ చెయ్యి ఊపింది. వాళ్ళను ఎక్కించడానికే వచ్చాననుకుందేమో. మూట మీద నీలం ఫైలు స్పష్టంగా కనిపించింది. నేను నాలుగడుగులు రైలు వెంట పరుగెత్తి "హోల్డాన్" అని అరిచాను కూడా. ఎవరికి అరిచానో నాకే తెలియదు.

దాచడం దేనికి, ఏడుపు వచ్చింది. రెండు కోళ్ళను భద్రంగా దింపిన దాన్ని, ఒక పిల్ల బతుకును ముక్కూ మొహం తెలియని వాళ్ళ మూటకు కట్టి పంపేశాను. పోగొట్టింది దొంగ కాదు, జేబుదొంగ కాదు. నా పద్ధతి. పొద్దున లచ్చవ్వ ముందు కొట్టిన గొప్ప గుర్తొచ్చి చెంప మీద కొట్టుకోవాలనిపించింది. ఎవరైనా ఎందుకెక్కలేదని అడిగితే ఏం చెప్పాలి? తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నాడట వెనకటికొకడు. ఆ కూత కూసేందుకు కూడా నేను ఎక్కనైనా ఎక్కలేదు.

అక్కడున్న గార్డుకు చెప్పాను. కింద కస్టమర్ కేర్‌లో రాసివ్వండి, నాంపల్లికి చెబుతారు, వెతికి పెడతారు అన్నాడు. ఎంత సేపు పడుతుంది అంటే, చెప్పలేం మేడమ్ అన్నాడు. అతని తప్పేం లేదు. కానీ కింద కాగితం రాసేలోపే నాకు పన్నెండయిపోతుంది. వచ్చే రైలు అయిదు నిమిషాలకు అని బోర్డు మీద ఉంది.

నవ్య ఫోను మళ్ళీ మోగింది.

"అక్కా, ఏడున్నరు?"

"అమీర్‌పేట. అస్తున్న."

"కాగితం ఉన్నది గదా మీ కాడ?"

"అస్తున్న బిడ్డ" అన్నాను. అబద్ధం చెప్పలేదు, నిజమూ చెప్పలేదు. ఆ అయిదు నిమిషాలంత పొడుగు నిమిషాలు నా జన్మలో చూడలేదు.

రైలు వచ్చాక ఈసారి అందరికంటే ముందు నేనే దూరాను. ఎవరినీ లోపలికి జరగమనలేదు. తలుపు దగ్గరే నిలబడి లెక్క వేశాను. లక్డీకాపుల్ చేరేసరికి పదకొండూ యాభై ఒకటి. అక్కడ దిగితే ఫైలు లేదు. నాంపల్లి దాకా పోతే యాభై ఆరు. వాళ్ళు స్టేషనులో ఎక్కడున్నారో వెతికి, పట్టుకుని, ఎదురు రైలు ఎక్కి వెనక్కి రావాలి. ఎట్లా వేసినా పన్నెండు దాటుతోంది. పంజాగుట్ట పోయింది, ఖైరతాబాద్ పోయింది. నాంపల్లికే పోదామనుకున్నాను. ఆఫీసులో ఎవరి కాళ్ళయినా పట్టుకుందాం, తప్పు నాదని రాసిద్దాం, నవ్య పేరు మాత్రం కొట్టేయొద్దని అడుగుదాం. నేను ఎవరి కాళ్ళూ పట్టుకున్న దాన్ని కాదు. అయినా పట్టుకుందామనే అనుకున్నాను.

రైలు లక్డీకాపుల్ స్టేషనులోకి వంపు తిరుగుతూ నెమ్మదించింది. ప్లాట్‌ఫాం మీద ఎవరో విజిల్ ఊదుతున్నారు. చూస్తే, పసుపు గీత మీద ఒక ముసలామె నిలబడి ఉంది. వెనక్కి జరగమని గార్డు విజిల్ ఊదుతున్నా ఆమె కదలడం లేదు. మా ఊరి రోడ్ల మీద బస్సును ఆపినట్టు కుడి చెయ్యి పైకెత్తి ఉంది. ఆ చేతిలో నీలం ఫైలు ఉంది.

తలుపులు తెరుచుకోగానే ఒక్క దూకు దూకాను.

"చెయ్యెత్తంగనే ఆగింది సూడు" అంది మల్లవ్వ సామేలుతో.

ఫైలు రెండు చేతులా పట్టుకున్నాను. "నువ్వు నాంపల్లిల దిగాలె గదా పెద్దమ్మా?"

"మేం నాంపల్లి. నీ పార్శిల్ లక్డీకాపుల్. గీయన సదివిండు."

సామేలు కళ్ళజోడు తుడుచుకుంటూ తల ఊపాడు. "చర్చిల వాక్యం సదివేది నేనే" అన్నాడు. "నీ రాత గుండ్రంగ మంచిగున్నది. నంబరు గూడ ఉన్నది, కని మా కాడ ఫోను లేదు."

"బండ్ల ఉన్నోళ్ళు ముట్టద్దన్నరు" అంది మల్లవ్వ. "ఎవలిదో సామాను, గంట కొట్టి పోలీసులకు అప్పజెప్పుండ్రి అన్నరు. నేనన్న, ఎవలిదో కాదు, కండక్టరమ్మ పార్శిల్ అది, ఏడ దిగాలెనో రాసున్నది, దింపకపోతె ఎట్ల?"

"నేను రాకపోతె ఏం చేద్దురు?"

ఆమెకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. "ఎందుకు రావు? బండి తప్పినోళ్ళు ఎనుక బండ్ల అస్తరు. గది ఎవలకు తెల్వది?"

"ఈడనే కూసోండ్రి" అన్నాను. "నేనే అచ్చి ఎక్కిస్త. యాడికి పోకుండ్రి."

మెట్లు దిగడం, రోడ్డు దాటడం నాకు గుర్తు లేదు. ఆఫీసు గేటు ఇనుప చువ్వలది. వాచ్‌మన్ అడ్డం వచ్చాడు, నా యూనిఫాం చూసి ఏ డిపార్ట్‌మెంటో తేల్చుకోలేక ఒక క్షణం ఆగాడు. ఆ క్షణం చాలు. చువ్వల వెనక మెట్ల మీద నవ్య నిలబడి ఉంది, మొహంలో నెత్తురు చుక్క లేదు. గోడ మీద గడియారం పన్నెండుకు నాలుగు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. చువ్వల మధ్య నుంచి ఫైలు దూర్చి ఆమె చేతిలో పెట్టాను.

"చేతికే ఇయ్యుమన్నది మీ అమ్మ" అన్నాను. "ఉరుకు."

ఉరికింది. నేను గేటు పట్టుకుని నిలబడ్డాను. వాచ్‌మన్ మంచినీళ్ళు ఇచ్చాడు. పన్నెండయింది. పన్నెండూ మూడయింది. అప్పుడు నవ్య మెట్ల మీదికి వచ్చింది, చేతిలో ఒక చిన్న కాగితం.

"ముద్ర పడ్డదక్కా" అంది. అప్పుడు ఏడ్చింది. చువ్వల అవతల ఆమె, ఇవతల నేను, ఇద్దరం కాసేపు సిగ్గు లేకుండా ఏడ్చాం. సంతోషంతో అంత ఏడ్చింది నా ఉద్యోగం కాగితం వచ్చిన రోజు, మళ్ళీ ఆ బుధవారమే.

"మీ అమ్మకు ఫోన్ చెయ్యి" అన్నాను కళ్ళు తుడుచుకుని. "గీ పాత ఫైలు పారేసి కొత్తది కొనుక్కో. ఆకు వాసనొస్తున్నది."

నవ్య ఫైలును ముక్కు దగ్గర పెట్టుకుంది. "ఉండనియ్యక్కా" అంది.

మళ్ళీ టికెట్ కొని పైకెక్కేసరికి పన్నెండూ పన్నెండు. మల్లవ్వా సామేలూ చెప్పిన చోటే, బల్ల మీద, మూట మధ్యలో పెట్టుకుని కూర్చున్నారు. వాళ్ళ ముందు నుంచి ఎన్ని రైళ్ళు పోయాయో. నాకు తిరుగు దారి అవతలి ప్లాట్‌ఫాం నుంచి. లెక్క వేసుకున్నాను. నాంపల్లి దాకా పోయి వీళ్ళను దింపి, మళ్ళీ అమీర్‌పేట మీదుగా జేబీఎస్ చేరితే పన్నెండూ యాభై. అన్నం తినే టైము పోతుంది, అంతే. శ్రీశైలం డబ్బాలో ఎట్లాగూ నాలుగు రొట్టెలు ఎక్కువ ఉంటాయి.

"నాంపల్లి దాక నేను అస్త" అన్నాను. "ఆడ మెట్లు దింపి పోత."

"నీ బండి?"

"నేను పోకుంటె అది కదలది."

రైలు వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి. నేను మూట ఎత్తుకుని, అలవాటు చొప్పున పక్కకు తప్పుకుని దారి ఇచ్చాను. మల్లవ్వ ఎక్కలేదు. నా మోచెయ్యి పట్టుకుంది. చెయ్యి గరుగ్గా ఉంది, పట్టు గట్టిగా ఉంది.

"ముంగట నువ్వెక్కు బిడ్డ" అంది. "అందర్నెక్కిచ్చుకుంట నువ్వు ఆగిపోతవ్."

పందొమ్మిదేళ్ళలో కొన్ని లక్షల మందిని ముందు ఎక్కించి ఉంటాను. నన్ను ముందు ఎక్కమన్న మనిషి ఆమె ఒక్కతే. మూటతో సహా ఎక్కాను. నా వెనక సామేలు ఎక్కాడు. ఆఖరున మల్లవ్వ ఎక్కి, తలుపు పక్కన నిలబడి, ప్లాట్‌ఫాం ఆ కొస నుంచి ఈ కొస దాకా ఒకసారి చూసింది.

"ఎవ్వలు లేరు" అంది.

తలుపులు పడ్డాయి. ముగ్గురం లోపలే ఉన్నాం.